మీరెలా అంటే అలా

ఆ వీధిలో మూడు సెలూన్లున్నాయి. తొందరున్నవాళ్ళు మిగతా రెండింటికీ పోతారు. ఇంటి పోరు పడలేనివాళ్ళూ, ఒక గంటసేపు తమని ఎవరూ ఏమీ అడక్కుండా ఉంటే అదే పదివేలనుకునేవాళ్ళూ నిదానం దగ్గరికి వస్తారు. అతని అసలు పేరు ఒకప్పుడు బోర్డు మీద ఉండేదిగానీ ఎండకి వెలిసిపోయింది. మళ్ళీ రాయించాలని అతనికీ అనిపించలేదు, వీధివాళ్ళకీ అనిపించలేదు. ఒక్కో తలకీ అతను తీసుకునే సమయం చూసి ఎవరో నిదానం అన్నారు, అదే ఖాయమైపోయింది.

పని నేర్పిన గురువు అతనికి ఒక్కటే నియమం చెప్పాడు. "కుర్చీలో కూర్చున్నవాడు తన మెడ మన చేతికి అప్పగించి కూర్చుంటాడురా. వాడితో వాదన పెట్టుకోకు. వాడు లేచేదాకా ఇంకో పని ముట్టుకోకు." గురువుగారు పోయి చాలాకాలమైంది. నిదానం మాత్రం ఆ మాటని ఉడుంపట్టు పట్టాడు. కుర్చీలో మనిషి కూర్చోగానే ఫోను సొరుగులోకి, తువాళ్ళ కిందికి పోవలసిందే. కూర్చున్నాయన సూర్యుడు పడమటే పుడతాడన్నా "అవునండీ" అనవలసిందే.

దుప్పటి కప్పి, వెనక ముడి వేసి, అద్దంలోకి చూస్తూ "ఎలా చెయ్యమంటారు?" అని అడుగుతాడు. పొట్టిగా అంటారు, పొడుగ్గా అంటారు, మీసం తీసెయ్యమంటారు. అన్నింటికీ అతని జవాబు ఒక్కటే: "మీరెలా అంటే అలా." పొద్దున్నించీ సాయంత్రం దాకా అదే మాట. ఆ మాటకి నాలుక చాలు, బుర్రతో పనిలేదు.

అతని సంసారం చెడిందీ ఈ గుణం వల్లేనంటే నవ్వుతారేమో. తాగుడా, తిట్టా, కొట్టా? ఏమీ లేవు. భార్య బట్టల మిల్లులో సూపర్‌వైజరు, గట్టి మనిషి. "ఇంట్లో కూడా నన్ను కుర్చీలో కూర్చోబెట్టినట్టే మాట్లాడతావేంటయ్యా! ఒక్కసారైనా కాదను. నాతో ఒక్కసారి పోట్లాడు!" అని మొత్తుకునేది. "సరే, నీ ఇష్టం" అనేవాడు ఈయన. విడిపోదామంది. దానికీ సరేనన్నాడు. ఆ సరే వినగానే ఆమె ఏడ్చింది. ఎందుకు ఏడ్చిందో అతనికి ఇప్పటికీ పూర్తిగా తెలియదు.

కూతురికి అప్పుడు నాలుగేళ్ళు. గుండ్రంగా, చిన్నగా ఉండేదని నిదానమే బుడంకాయ అని పేరు పెట్టాడు. తల్లి దగ్గరే పెరిగింది. తర్వాత తల్లి కళ్ళజోళ్ళ షాపాయన్ని పెళ్ళి చేసుకుంది. ఆయన మంచివాడు, అదొక చిక్కు. చెడ్డవాడైతే నిదానానికి కోపం తెచ్చుకోవడం సులువయ్యేది. ఆదివారాలు మాత్రం బుడంకాయ తండ్రి దగ్గరికి వచ్చేది. దాని జుట్టు మీద తండ్రి కత్తెర తప్ప ఇంకొకరి కత్తెర పడలేదు. అంత చిన్న పిల్లనైనా దుప్పటి కప్పి "ఎలా చెయ్యమంటావు?" అని అడిగేవాడు. అది వేలితో చెంప మీద గీత గీసి "ఇంతవరకే" అనేది, దర్జాగా. కాస్త పెద్దయ్యాక జడ కావాలంది, అప్పట్నుంచీ చివర్లే కత్తిరించేవాడు.

పదకొండో ఏట అది బడి మెట్ల మీంచి పడి మోచెయ్యి విరగ్గొట్టుకుంది. ఆసుపత్రికి ముందు పరిగెత్తింది కళ్ళజోళ్ళాయనే. ఆపరేషన్ చెయ్యాలి, సంతకం కావాలన్నారు. "మీరు పిల్లకి ఏమవుతారు?" అనడిగితే, "నాన్ననండీ... అంటే, వాళ్ళమ్మ భర్తని" అన్నాడు. ఆ సంతకం చెల్లదన్నారు. తల్లి మిల్లులో ఉంది, అక్కడ ఫోన్లు గేటు దగ్గరే ఇచ్చేసి లోపలికి పోవాలి. ఇక మిగిలింది నిదానం. అతని ఫోను తువాళ్ళ కింద మోగి మోగి ఊరుకుంది, పైన అతను ఒక పెద్దమనిషి గడ్డం గీస్తున్నాడు.

ఎవరో మిల్లుకి వెళ్ళి తల్లిని పిలుచుకొచ్చేసరికి పొద్దు వాలింది. అంతసేపూ పిల్ల నొప్పితో మెలికలు తిరిగిపోయింది. నిదానం ఆసుపత్రికి చేరేసరికి అంతా అయిపోయి అది నిద్రపోతోంది. అతన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాడు.

కొన్నాళ్ళకి కళ్ళజోళ్ళాయన సెలూన్‌కి వచ్చాడు. రోజూ ఇంట్లోనే గడ్డం గీసుకునే మనిషి. వచ్చి, అందరితోపాటు బెంచీ మీద కూర్చుని, వంతు వచ్చాక కుర్చీ ఎక్కాడు. నిదానం నురగ పట్టించాడు. కత్తి దవడ మీదికి వచ్చాక ఆయన కళ్ళు మూసుకునే మొదలుపెట్టాడు.

"మీతో ఒక మాట చెప్పాలండీ. ఆ రోజు ఆసుపత్రిలో నన్ను ఎవరో దారినపోయేవాణ్ణి చూసినట్టు చూశారు. మళ్ళీ అలా జరక్కూడదు. పిల్లని నేను దత్తత తీసుకుందామనుకుంటున్నాను. వాళ్ళమ్మ ఒప్పుకుంది. కానీ కన్నతండ్రి కూడా ఒప్పుకుంటేగానీ చట్టం కుదరదంటోంది. మీరేమంటారు?"

నిదానం కత్తి ఆగింది. ఆ సంగతేదో లేచి నిలబడి అడగకూడదూ! వీధిలో ఆపి అడగకూడదూ! అప్పుడైతే ఏమనేవాడో. కానీ మనిషి కుర్చీలో ఉన్నాడు, మెడ తన చేతికి అప్పగించి ఉన్నాడు. పైగా ఆసుపత్రి సిగ్గు ఇంకా ఆరలేదు. ఎదురుగా ఉన్నవాడు ఏదో అడిగాడు, జవాబు చెప్పాలి. నాలుక తన అలవాటు ప్రకారం కదిలింది.

"మీరెలా అంటే అలా."

అనేశాక గానీ ఏమన్నాడో అతనికే తెలియలేదు. ఈలోగా బెంచీ అంతా విననే విన్నది. రిటైరైన హెడ్మాస్టారు పేపరు మడిచి లేచి నిలబడ్డాడు. "ఆహా! ఎంత గొప్ప మనసయ్యా నీది! కూతురి కోసం ఇంత త్యాగం ఎవరు చేస్తారు?" పక్కనున్నాయన కళ్ళు తుడుచుకున్నాడు. కళ్ళజోళ్ళాయన సగం నురగతోనే నిదానం చేతులు పట్టేసుకున్నాడు. సాయంత్రానికల్లా వీధి వీధంతా తెలిసిపోయింది. పళ్ళమ్మే ఆమె పిలిచి మరీ రెండు పళ్ళు ఊరికే ఇచ్చింది.

ఇప్పుడు కాదని ఎలా అంటాడు? మింగలేక కక్కలేక అయిపోయింది పాపం. ఇంకో సంగతి కూడా చెప్పాలి, దాచడమెందుకు. ఆ గొప్పమనసు మాట అతనికి కాస్త రుచించింది. పుట్టి బుద్ధెరిగాక అతన్ని నిదానమన్నవాళ్ళే గానీ గొప్పవాడన్నవాళ్ళు లేరు. అద్దంలో తన మొహం చూసుకున్నప్పుడు త్యాగం చేసిన మనిషి కనిపించాడు.

దత్తత వ్యవహారాలు చూసే ఆఫీసరమ్మ కళ్ళజోళ్ళాయన్ని బయట కూర్చోమని తలుపేసింది. ఇలాంటి సంతకాలు చాలా చూసిన మనిషి, తొందరపడదు.

"ఒక సంగతి అర్థమయ్యేలా చెబుతాను, వినండి. దత్తతంటే పిల్లకి ఇంకో తండ్రి చేరడం కాదు, తండ్రి మారిపోవడం. రేపు వాళ్ళు ఊరు మారినా, బడి మార్చినా మిమ్మల్ని అడగనక్కర్లేదు. ఆదివారం పంపకపోయినా మీరు అడగలేరు. చట్టం లెక్కలో మీరు పిల్లకి ఏమీ కారు. మిమ్మల్ని ఎవరైనా బలవంతపెట్టారా?"

"లేదండీ."

"ఆసుపత్రి సంతకం కోసమే అయితే ఇంత దూరం రానక్కర్లేదు. తల్లీ మీరూ కలిసి ఆయనకి ఆ అధికారం ఇస్తే సరిపోతుంది. మీరు తండ్రిగానే ఉంటారు."

నిదానం ఒక్క క్షణం ఆగాడు. ఆగాడుగానీ, బెంచీ గుర్తొచ్చింది, హెడ్మాస్టారు గుర్తొచ్చాడు. "పిల్ల మంచి కోసమేనండీ, మాటిచ్చాను" అన్నాడు.

"పిల్లని అడిగారా? పన్నెండేళ్ళు నిండితే నేనే పిలిచి అడగాలి. మీ అమ్మాయికి పదకొండే కాబట్టి నేను అడగాలన్న నియమం లేదు."

"చిన్నపిల్ల, దానికేం తెలుసండీ?"

ఆఫీసరమ్మ సంతకం చేయించుకుని, "నెల రోజుల్లోపు మనసు మారితే మీరే స్వయంగా రండి. ఆ తర్వాత నేనూ ఏమీ చెయ్యలేను" అంది.

ఆ నెలలో బుడంకాయ ఒక్క ఆదివారం కూడా రాలేదు. చెయ్యి నొప్పిగా ఉందని కబురు పంపింది. నిదానం ఆదివారాలు కత్తెరలు నూరుకుంటూ కూర్చున్నాడు. త్యాగం చేసిన మనిషి అద్దంలో కనిపించడం మానేశాడు. ఆఫీసుకి పోదామని రెండుసార్లు చెప్పులేసుకున్నాడు కూడా. కానీ మాట వెనక్కి తీసుకోవడమంటే కళ్ళజోళ్ళాయనతో పోట్లాటే. పోట్లాడటం అతనికి చేతకాదు. చెప్పులు విప్పేశాడు.

గడువు ఆఖరి రోజు సాయంత్రం, సెలూన్‌లో హెడ్మాస్టారు పేపరు చదువుతుండగా బుడంకాయ బడి బట్టల్లోనే వచ్చింది. చేతికి కట్టు ఇంకా ఉంది. ఎవరివంకా చూడకుండా తిన్నగా కుర్చీ ఎక్కి కూర్చుంది.

"ఒంటి చేత్తో జడ వేసుకోలేకపోతున్నాను. కత్తిరించు."

నిదానానికి ప్రాణం లేచొచ్చింది. దుప్పటి కప్పి, ముడి వేసి, అలవాటుగా అడిగాడు. "ఎలా చెయ్యమంటావురా?"

అది చెంప మీద గీత గీసింది. అతను ఎడమవైపు మొదలుపెట్టాడు. ఆ వైపు పూర్తవుతుండగా అది అద్దంలో అతని కళ్ళలోకి చూసింది.

"ఎవరడిగినా ఇచ్చేస్తావా?"

"అదేంట్రా... నీ మంచికేగా. చెయ్యి విరిగినప్పుడు నేను—"

"ఫోను ఎత్తలేదు. తెలుసు. నాకు కోపం వచ్చింది. ఎత్తనందుకు ఇచ్చెయ్యమన్నానా? ఇంకోసారి ఎత్తమని తిడదామనుకున్నాను, అంతే. నువ్వసలు ఆ ఛాన్సే ఇవ్వలేదు."

బెంచీ మీద పేపరు చప్పుడు ఆగిపోయింది.

"ఆయన అడిగాడు, అమ్మ అడిగింది. అందరూ ఒకళ్ళనొకళ్ళు అడిగారు. నన్నడిగావా నాన్నా? జుట్టు ఎంత కత్తిరించాలో మాత్రం ప్రతిసారీ అడుగుతావు."

నిదానం చేతిలో కత్తెర బరువెక్కింది. ఇన్నేళ్ళుగా ఊరందరినీ అడుగుతున్న ఆ ఒక్క ప్రశ్నా అడగవలసిన చోట అడగలేదు. ఏడుపు దాచుకోలేకపోయాడు. కత్తెర బల్ల మీద పెట్టి, కుర్చీ ముందుకొచ్చి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"తప్పయిపోయిందమ్మా. ఇప్పుడడుగుతున్నాను. ఎలా చెయ్యమంటావు?"

"నాకు ఆయనంటే ఇష్టమే. ఆయన్ని పొమ్మనట్లేదు. నువ్వు పోకు. ఇవాళే ఆఖరి రోజని అమ్మ అంటుంటే విన్నాను."

కుర్చీలో మనిషి ఉండగా పని వదిలెయ్యడం నిదానం జన్మలో అదే మొదలు. దాని మెడ చుట్టూ ఉన్న దుప్పటి లాగేశాడు. హెడ్మాస్టారు "అయ్యో, సగం జుట్టు—" అంటుండగానే తండ్రీ కూతుళ్ళు వీధి దాటేశారు.

ఆఫీసరమ్మ సంచీ భుజానికి తగిలించుకుని తాళం తీసుకుంటోంది. ఒకవైపు చెంప దాకా, ఇంకోవైపు నడుం దాకా జుట్టున్న పిల్లనీ, ఆయాసపడుతున్న మనిషినీ చూసి సంచీ కింద పెట్టింది.

"ఎవరైనా బలవంతపెట్టారా?" అనడిగింది, మొదటిసారి అడిగినట్టే.

"ఇదిగో, ఇదే పెట్టింది" అన్నాడు నిదానం.

ఆవిడ నవ్వలేదుగానీ కాగితం మాత్రం చకచకా తీసింది. ఆ ఒప్పుదల రద్దయిపోయింది. ఆసుపత్రి అధికారానికి ముగ్గురు పెద్దలూ కలిసి ఇంకో రోజు రావాలని చెప్పింది.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి కబురు ముందే చేరిపోయింది. కళ్ళజోళ్ళాయన సెలూన్‌లో నిలబడి ఉన్నాడు, మొహం ఎర్రగా ఉంది.

"కూర్చోండి" అన్నాడు నిదానం.

"కూర్చోను. కూర్చుంటే మీరు అన్నింటికీ అవునంటారు. ఆ అవును నమ్మే నేనిలా అయ్యాను. మాటిచ్చి వెనక్కి తీసుకోవడమేంటండీ? ఐదేళ్ళుగా దానికి జ్వరమొస్తే మేలుకుని కూర్చున్నది నేను!"

"నిజమే. కానీ నేనివ్వను" అన్నాడు నిదానం. "అది మీకు ముందే చెప్పాల్సింది. ఆ రోజు మీరడగ్గానే చెప్పాల్సింది. మీతో పోట్లాడటానికి భయపడి పిల్లని ఇచ్చేశాను. మీ తప్పేం లేదు. సంతకం అధికారం మీకు ఇస్తాను, మనస్ఫూర్తిగా ఇస్తాను. పిల్లని ఇవ్వను."

"మరి మళ్ళీ మధ్యాహ్నం పూట ఏదైనా అయితే? మీ ఫోను ఆ సొరుగులోనే కదా ఉంటుంది?"

ఆ మాట తిన్నగా తగిలింది. నిదానం సొరుగు లాగి, తువాళ్ళు తప్పించి, ఫోను తీసి అద్దం ముందు నిలబెట్టాడు. కళ్ళజోళ్ళాయన దానివంక చూశాడు. తర్వాత బెంచీ మీద కూలబడి, కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఆయనకీ బాధగానే ఉంది, ఎందుకుండదు? బుడంకాయ వెళ్ళి ఆయన పక్కన కాసేపు కూర్చుంది. ఏం చెప్పుకున్నారో నిదానం వినలేదు, వినాలనీ అనుకోలేదు.

తర్వాత అది మళ్ళీ కుర్చీ ఎక్కింది. "ఈ వైపు ఇలాగే వదిలేస్తావా ఏంటి?"

నిదానం దుప్పటి కప్పాడు. కుడివైపు పాయ దువ్వెనలోకి తీసి కత్తెర ఎత్తాడో లేదో ఫోను మోగింది. మిల్లులో పని దిగిన తల్లి. ఆవిడ ఇవాళ ఎంత తిట్టబోతోందో అతనికి తెలుసు. చెయ్యి అలవాటు ప్రకారం సొరుగు వైపు పోయింది. గురువుగారు గుర్తొచ్చారు. అద్దంలో బుడంకాయ అతన్నే చూస్తోంది.

కత్తెర కింద పెట్టి ఫోను ఎత్తాడు.

"చెప్పు. ఇక్కడే ఉన్నాను" అన్నాడు.