రత్నమన్న సీసాల్లో సముద్రం

ఈ ఉదయం ల్యాబు బీరువా తెరవగానే ఆముదం వాసన గుప్పుమంది. రెండు రోజులుగా బందరులో వాన విడవకుండా పడుతోంది. గోడలు చెమ్మగిల్లాయి, సుద్దముక్కలు మెత్తబడ్డాయి, రికార్డు పుస్తకాల అట్టలు వంకర్లు తిరిగాయి. బీరువాలో మూత బిగించిన గాజు సీసాలో మాత్రం అరవై బ్లేడ్లు నిలువుగా, కొత్తవాటిలా మెరుస్తూ ఉన్నాయి. కొత్తగా చేరిన ల్యాబ్ అసిస్టెంటు మూత తీసి మొహం అదోలా పెట్టింది. "ఏంటండీ మేడమ్, బోటనీ ల్యాబులో మా అమ్మమ్మ తల వాసనొస్తోంది" అంది. నవ్వొచ్చింది. ఆ అమ్మాయికి ఏదో పొడి సమాధానం చెప్పాను గానీ, ఈ వాసన ఈ గదిలోకి ఎలా వచ్చిందో చెప్పాలంటే రత్నమన్న గురించి చెప్పాలి.

ఆయన పూర్తి పేరు యేసురత్నం. నంద్యాలలో నేను డిగ్రీ చదివిన కాలేజీలో బోటనీ ల్యాబు అటెండరు. పొడుగ్గా, ఎండుకాడలా ఉండేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ మడత నలగని తెల్లగుడ్డ ఒకటి. చదివింది ఏడో తరగతి. గదులు ఊడ్చే పనికి చేరి, తర్వాత ల్యాబుకు మారి, గాజు సామాను తుడుస్తూ ఇరవై ఏళ్ళపాటు లెక్చరర్లు చెప్పే పాఠాలు విన్నాడు. ఆదివారం చర్చిలో పాటలకు ముందుండి గొంతెత్తేవాడట. ల్యాబులో మాత్రం ఆయన మాట వినాలంటే మనమే దగ్గరకు వెళ్ళాలి. నేను మిడుతూరు అవతలి పల్లె నుంచి వచ్చినదాన్ని. జొన్నా పప్పుశనగా పండించే ఇంట్లో పుట్టి, మొక్కల గురించి నాకు తెలియనిదేముందిలే అనుకుని బోటనీ తీసుకున్నాను. తీరా చూస్తే అక్కడ మొక్కను పెంచడం కాదు, కోయడం రావాలి. కాండాన్ని బ్లేడుతో అడ్డంగా, ఉల్లిపొర కన్నా పలచగా కోసి, రంగు అద్ది, మైక్రోస్కోపు కింద పెట్టి చూడాలి. దాన్నే సెక్షన్ అంటారు. అది రాకపోతే బోటనీలో ఇక ఏమీ రానట్టే.

మొదటి ఏడాది నా సెక్షన్లు చూసి మా లెక్చరర్, "ఇవి సాంబారులోకి బాగుంటాయమ్మా" అన్నారు. తరగతంతా నవ్వింది. ఆ సాయంత్రమే గ్రూపు మార్చమని అర్జీ రాసుకున్నాను. ల్యాబులో మరిచిపోయిన రికార్డు కోసం వెళ్తే రత్నమన్న ఒక్కడే బల్లలు తుడుస్తున్నాడు. నా చేతిలో కాగితం చూసి, "ఏందది?" అన్నాడు.

"గ్రూపు మారతాండాన్నా. నాకు ఈ కోసే పని చేతకాదు."

ఆయన వద్దనలేదు, మారమననూ లేదు. ఒక పొద్దుతిరుగుడు కాడ, ఒక బ్లేడు తెచ్చి నా ముందు పెట్టి, "కొయ్యి" అన్నాడు. కోశాను. వంగి చూశాడు.

"గట్టిగా అదుముతాండావ్. బ్లేడుకు దాని పని తెలుసు పాపా. నువ్వు మధ్యలో అడ్డం రావాకు."

బ్లేడును నీళ్ళలో తడిపి, కాడ మీద ఒక్కసారి తన వైపుకు జార్చి, గాజు పళ్ళెంలోని నీళ్ళలో కడిగాడు. పళ్ళెంలో నాకేమీ కనబడలేదు. ఎర్రరంగు చుక్క వేశాడు. కాసేపటికి నీళ్ళ మధ్యలోంచి ఒక గుండ్రని అల్లిక తేలింది. మధ్యలో బోలెడన్ని చిన్న గదులు, చుట్టూ దండ గుచ్చినట్టు నాళాలు. "నీళ్ళల్లో కనపడితే ముక్క. కనపడకపోతే సెక్షను" అన్నాడు రత్నమన్న. వారం రోజులు, సాయంత్రం అరగంట చొప్పున, ఆయన కాడలు తెచ్చి పెడుతూ పోయాడు, నేను కోస్తూ పోయాను. ఏడో రోజు పళ్ళెంలో నాకేమీ కనబడలేదు. రంగు వేయకముందే ఆయన వేరే బల్ల తుడవడానికి వెళ్ళిపోయాడు. ఇక చూడక్కరలేదని ఆయనకు తెలిసిపోయింది. అర్జీ నా రికార్డులోనే ఉండిపోయింది.

నంద్యాల ఎండలకు ఆ ల్యాబులో ఏదీ తడిగా ఉండేది కాదు. బల్ల మీద వదిలేసిన బ్లేడుకు ఏడాదైనా మచ్చ వచ్చేది కాదు. పదును పోయిన బ్లేడ్లను రత్నమన్న ఇంటికి పట్టుకుపోయేవాడు. "ఈడ పనికిరానిది నా గడ్డానికి పనికొస్తాది" అనేవాడు. మీ చెంపల మీద ఎన్ని మొక్కల రసం ఉందో అని మేం ఏడిపిస్తే, "అందుకే నున్నగుండాయి" అని చెంప నిమురుకునేవాడు.

పీజీ అయ్యాక బందరులో ఒక కాలేజీలో కాంట్రాక్టు లెక్చరరుగా చేరాను. ఎనిమిదేళ్ళ క్రితం మాట. అప్పటికి రత్నమన్న రిటైరై భార్య మార్తమ్మ సొంతూరు ఆళ్ళగడ్డకు వెళ్ళిపోయాడు. జూలైలో నా చేతికి కొత్త బ్లేడ్ల పెట్టెలు వచ్చాయి. నాలుగు రోజుల్లో అంచుల మీద గోధుమరంగు చుక్కలు మొదలయ్యాయి, పది రోజులకు చుక్కలు చారలయ్యాయి. తుప్పు పట్టిన అంచు కాండాన్ని కోయదు, చింపుతుంది. పిల్లలు తెగక గట్టిగా అదిమేవారు. అలా అదుముతుండగా కల్యాణి అనే అమ్మాయికి బ్లేడు జారి బొటనవేలు లోతుగా తెగింది. ఆసుపత్రికి తీసుకెళ్ళి కుట్లు వేయించి, ధనుర్వాతం రాకుండా ఇంజెక్షను చేయించి తీసుకొచ్చాను. రిక్షాలో ఆ పిల్ల నా భుజం మీద తల పెట్టుకుని, "మా నాన్నగారికి చెప్పకండి మేడమ్, చదువు మానిపించేస్తారు" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది.

ప్రిన్సిపాల్ గారు కోప్పడలేదు. "పిల్లల వేళ్ళతో మనకు ప్రయోగాలెందుకమ్మా. తయారుగా ఉన్న స్లైడ్లు తెప్పిద్దాం. చూసి బొమ్మ గీసుకుంటారు" అన్నారు. ఆయన చెప్పిందాంట్లో తప్పు లేదు. కానీ చూసి గీయడమే అయితే నాలాంటి పిల్ల బోటనీలో ఉండేదే కాదు. దసరా సెలవుల దాకా గడువు అడిగి, ఆళ్ళగడ్డకు ఫోన్ చేశాను.

"వాడినాక ఏం చేస్తాండారు?" అన్నాడు రత్నమన్న అంతా విని.

"కడిగి, గుడ్డతో తుడిచి, కాగితంలో చుట్టి పెడతాండామన్నా."

"ఆ గుడ్డే తడి. ఆ కాగితం గాల్లో తడంతా పీలుస్తాది. కడిగినాక స్పిరిట్లో ముంచు, నీళ్ళను అది ఎత్తకపోతాది. నిలబెట్టి ఆరబెట్టు. చుట్టాకు. అది నీళ్ళ సంగతి. గాలి సంగతి వేరే. సముద్రం గాలి నేనెరగను. టైమియ్యి, చూసి చెప్తా."

ఏం చూస్తాడో నాకు అర్థం కాలేదు. దసరా సెలవుల్లో మా ఊరు వెళ్తూ నంద్యాలలో దిగి ఆళ్ళగడ్డ బస్సెక్కాను. వాళ్ళ వీధి పొడవునా శిల్పులు రాళ్ళు చెక్కుతూ ఉన్నారు. ఉలి దెబ్బల మధ్యే మాట్లాడుకోవాలి. మార్తమ్మ గుమ్మంలోనే పట్టుకుంది.

"చూడు మా, ఊరగాయ సీసాలన్నీ తీసకపొయ్యి కిటికీలో పెట్టుకున్నాడు. ఏందీ అంటే సముద్రమంటాడు."

కిటికీలో ఆరు గాజు సీసాలు వరసగా ఉన్నాయి. ఒక్కోదాని అడుగున రెండు వేళ్ళ ఎత్తు ఉప్పునీళ్ళు. మూత నుంచి దారంతో నీళ్ళకు తగలకుండా వేలాడుతున్న ఒక్కో బ్లేడు. సీసాల మీద అంటించిన కాగితాల మీద గుండ్రటి అక్షరాలు: కొబ్బరినూనె, చెనిక్కాయ నూనె, ఆముదం, మిషను నూనె, మైనం. ఆరోదాని మీద "ఉత్తది" అని ఉంది. అందులో బ్లేడును తుప్పు ఎర్రగా తినేసింది.

"ఇదెందుకన్నా, ఏమీ పూయకుండా?"

"పూయంది ఒకటి లేకుంటే దేంతో పోల్చి చూసేది? మీ సారోళ్ళు చెప్పిందే కదా" అన్నాడు. ఎదురుగా చెక్కుతున్న శిల్పులను కూడా అడిగాడట. మా ఉలికి తుప్పు పట్టే తీరిక యాడుందని వాళ్ళు నవ్వారట. రోజూ పొద్దున సీసాలను ఎండలో పెట్టి, లోపల ఆవిరి పట్టాక నీడలోకి మార్చి, ఆ దారాలను వేలితో తిప్పి చూసుకుంటూ ఆరు వారాలు గడిపాడు. ఉన్నవాటిలో చెనిక్కాయ నూనె, అదే వేరుశనగ నూనె, పూసింది అన్నిటికన్నా శుభ్రంగా, పలచగా ఉంది. "ఇదే పూయి" అన్నాడు.

అదే పూశాను. నెల రోజులు అద్భుతంగా పనిచేసింది. ప్రిన్సిపాల్ గారు స్వయంగా ఒక బ్లేడు తీసి చూసి, స్లైడ్ల మాట ఎత్తడం మానేశారు. డిసెంబరులో పిల్లల సెక్షన్లు మళ్ళీ చెడడం మొదలైంది. బ్లేడు మెరుస్తూనే ఉంది, తుప్పు లేదు, అయినా కాండం మీద జారదు, పట్టుకుంటుంది. పరీక్షలు దగ్గరపడుతున్నాయి. నాకు ఓపిక పోయింది. ఒకరోజు క్లాసులో, "బ్లేడు బాగున్నా మీ చేతులు బాగాలేవు. నాలుగు నెలలు నేర్పినా ఇంతేనా" అని అందరినీ కడిగేశాను. కల్యాణి తల దించుకుని మచ్చ మిగిలిన బొటనవేలును రెండో చేత్తో దాచుకుంది.

ఆ తర్వాతి సోమవారం కాలేజీ వరండాలో, చేతిసంచీతో రత్నమన్న నిలబడి ఉన్నాడు. నంద్యాల నుంచి విజయవాడకు రైల్లో, అక్కడి నుంచి బస్సులో వచ్చాడట. ఎందుకొచ్చావన్నా అని అడిగేలోపే సంచీలోంచి కాగితం మడత విప్పి ఒక బ్లేడు చూపించాడు.

"తప్పు చెప్పినా. చెనిక్కాయ నూనె రెండు నెలలకు జిగురైతాంది. చూడు, వేలికి అంటుకుంటాంది. ఆముదం మాత్రం ఎట్ల పూసింది అట్లనే ఉంది."

"ఫోన్లో చెప్తే పోయేది కదన్నా, ఇంత దూరం..."

"తప్పు మాట ఫోన్లోనే చెప్పినట్టుంటే ఫోన్లోనే దిద్దేటోణ్ణి. నీకు చేతికిచ్చి చెప్పినా. చేతికిచ్చే దిద్దల్ల." కూర్చుని మంచినీళ్ళు తాగి, "ఈడ ఎట్లుండాయి బ్లేడ్లు?" అన్నాడు.

నేను నిజం చెప్పాను. పట్టుకుంటున్నాయని, పిల్లల చేతుల లోపం అనుకుని తిట్టానని. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"వాళ్ళకు చెప్పినావా?"

"ఏమని?"

"తప్పు నూనెదని. వాళ్ళ చేతులది కాదని."

చెప్తాలే, పరీక్షలు అవనీ అన్నాను. పిల్లల ముందు లెక్చరరు చులకనైతే ఎలా అని కూడా అన్నట్టున్నాను. రత్నమన్న నా మొహంలోకి చూశాడు. కోపం లేదు ఆ చూపులో.

"నేను ఆళ్ళగడ్డ నుంచి వచ్చినా పాపా. నువ్వు పక్క రూముకు పోలేవా?"

వెళ్ళాను. నలభై మంది ముందు నిలబడి, బ్లేడ్ల మీది నూనె జిగురు కట్టిందని, మీ చేతులు బాగానే ఉన్నాయని, చూసుకోకుండా నేనే నోరు పారేసుకున్నానని చెప్పాను. ఎవరూ నవ్వలేదు. కల్యాణి లేచి, "అయితే బ్లేడ్లన్నీ మళ్ళీ శుభ్రం చేయాలా మేడమ్?" అని అడిగింది. చేయాలన్నాను. క్లాసంతా ల్యాబుకు వచ్చింది. రెండు రోజులు రత్నమన్న బల్ల చివర కూర్చుని, బ్లేడును మొద్దు అంచున ఎలా పట్టుకోవాలో, స్పిరిట్లో ఎంతసేపు ఊపాలో, ఆముదం వేలితో కాకుండా దూదితో, కనబడీ కనబడనంతగా ఎలా అద్దాలో చూపించాడు. పిల్లలు ఇళ్ళ నుంచి చెప్పుల పెట్టెల్లో వచ్చే తేమపీల్చే గుళికల పొట్లాలు తెచ్చి సీసాలో వేశారు. నేను పక్కనుండగా పిల్లల ముందు ఆయన నన్ను "మేడమ్" అని పిలిచాడు. వద్దన్నా వినలేదు.

రెండో రోజు సాయంత్రం ఆయన్ని మంగినపూడి తీసుకెళ్ళాను. అరవై రెండేళ్ళ మనిషి, సముద్రాన్ని చూడడం అదే మొదలు. పంచె ఎగగట్టి నీళ్ళలోకి నాలుగడుగులు వేసి, వంగి వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు.

"నా సీసాల్లో ఉప్పు తక్కువేసినా" అన్నాడు. చాలాసేపు అలాగే నిలబడి, గాలికి రెపరెపలాడే చొక్కాను రెండు చేతులతో పట్టుకుని, "గాలి మాత్రం నేను అనుకోనే లేదు" అన్నాడు.

ఆ ఏడాది పరీక్షలో మా పిల్లల సెక్షన్లు బాగా వచ్చాయి. కల్యాణి ఇప్పుడు అవనిగడ్డ దగ్గర ఒక స్కూల్లో పాఠాలు చెబుతోంది. రత్నమన్న పోయి రెండేళ్ళవుతోంది. నిద్రలోనే పోయాడని మార్తమ్మ ఫోన్లో చెప్పింది.

నిరుడు పరీక్షల ముందు ఒక సంగతి జరిగింది. ఒక మొక్క వేరు సెక్షన్ చూపిస్తూ రెండో బ్యాచికి ఒక పొర పేరు తప్పు చెప్పాను. ఇంటికెళ్ళి పుస్తకం తిరగేస్తుంటే తెలిసింది. మర్నాడు ఆ బ్యాచికి నా క్లాసు లేదు. కెమిస్ట్రీ క్లాసు జరుగుతుంటే తలుపు దగ్గర నిలబడి, ఆ లెక్చరర్ను ఐదు నిమిషాలు అడిగి తీసుకుని, నిన్న నేను చెప్పింది తప్పని, సరైనది ఇదని బోర్డు మీద రాశాను. బయటికి వస్తుంటే వెనక బెంచీ కుర్రాడు ఒకడు లేచాడు.

"మీరు చెప్పకపోతే మాకు తెలిసేదే కాదు కదండీ మేడమ్."

"తెలిసేది కాదు" అన్నాను. "అందుకే వచ్చాను."