బొడ్డులో ఆముదం

లారీ నడిపే మా బావకు తెలిసిన జబ్బు ఒక్కటే, వేడి. తెలిసిన మందూ ఒక్కటే, బొడ్డులో ఆముదం. పంటి నొప్పికి కూడా అదే వేసుకునేవాడు. ఆయన చొక్కాలన్నిటికీ బొడ్డు దగ్గర రూపాయంత జిడ్డు మరక ఉండేది.

ఒక చలికాలం ట్రిప్పు నుంచి వచ్చి, స్వెటర్ వేసుకుని మరీ సబ్జా నీళ్లు తాగుతున్నాడు. ఏమైందని అడిగితే నా చెవిలో చెప్పాడు: మూత్రానికి పోతే మంట, పైగా చీము.

"గిది వేడి గాదు బావా, దవాఖానకు పోదాం పా" అని బాన్సువాడకు లాక్కెళ్లాను.

డాక్టర్ పరీక్షలు చేయించి, ఇది కలయికతో అంటుకునే జబ్బన్నాడు. "మీ భార్యకు ఏ బాధా లేకపోయినా తీసుకురండి. ఇద్దరికీ నయమయ్యేదాకా దూరంగా ఉండండి."

బావ ఇంటికొచ్చి, తల దించుకుని మా అక్కతో అన్నాడు: "నీక్కూడ వేడి చేసినట్టుంది. ఇగ దవాఖానకు పోదాం పా."

"చలికి వణుకుతుంటే నాకు వేడేంది? నిజం చెప్పు!"

చెప్పాడు. అక్క ఏడ్చింది, తిట్టింది, మర్నాడు వెళ్లి డాక్టర్ ముందు కూర్చుంది. రాసిచ్చిన మందులు ఇద్దరూ వాడారు. సీసాలో మిగిలిన ఆముదం మాత్రం అక్క బావ ఒక్కడితోనే తాగించింది.