చౌడక్కకు దొరికిన ఇద్దరు బుద్ధిమంతులు

మా వైపు మగవాళ్ల తెలివి గురించి ఎంత చెప్పినా తక్కువే. హెచ్‌ఐవీ మాత్రలకు హిందూపురం మనిషి ధర్మవరం పోతాడు, ధర్మవరం మనిషి హిందూపురం వస్తాడు. సొంత ఊళ్లో ఎవరైనా చూస్తారని భయం. ఇద్దరి రైళ్లూ పెనుకొండలో ఎదురుపడతాయి. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల కోసం నడిచే మా సంఘం ఆఫీసు ఆ పెనుకొండలోనే ఉంది.

అందులో చౌడక్క పని చేస్తుంది. గొర్రెలు మేపుకునే ఇంటి కోడలు. పన్నెండేళ్లుగా అవే మాత్రలు మింగుతూ గుండ్రాయిలా ఉంది. మాత్రలు మానేసిన వాళ్లను ఇంటికి వెళ్లి పట్టుకురావడం ఆమె పని. ఇరుగుపొరుగు అడిగితే జాకెట్ గుడ్డలు అమ్మడానికి వచ్చానంటుంది. ఇప్పుడా గుడ్డలు నిజంగానే బాగా అమ్ముడవుతున్నాయి. ఒకరి సంగతి ఇంకొకరి దగ్గర ఎత్తకూడదన్నది మా సంఘం నియమం.

మొన్న ఎండాకాలం ధర్మవరంలో మగ్గం నేసే కుళ్లాయప్ప రెండు నెలలు మాత్రలకు రాలేదు. ఆమె వెళ్లి చూస్తే, దగ్గుతూ, మనిషి సగమై మగ్గం గుంతలో కూర్చుని ఉన్నాడు.

"ఏమప్పా, ఎందుకు రాలేదు?"

"హిందూపురం ఆస్పత్రిలో మాత్రలిచ్చే కాడ బెంచీ మీద మా బావ ఉండెనక్కా. ఆయప్ప మొగానికి తువ్వాలు కప్పుకోనున్నా కాళ్లు చూసి కనుక్కుంటి. ఆయప్ప నన్ను చూసేసినాడు. వచ్చే నెల మా అక్క పాపకు చెవులు కుట్టిస్తారు. మేనమామ తొడమీద కూర్చోబెట్టాల గదా. ఇంక నా తొడమీద కూర్చోబెడతాడా?"

"మరి మీ బావ ఆడ ఏం చేస్తాండె? శనక్కాయలు ఒలుస్తాండెనా?"

"ఛ, మా బావ అట్లాంటోడు కాదక్కా! ఏదో పనిమీద వచ్చింటాడు."

ఆహా, ఏం బుర్ర! చౌడక్కకు ఒళ్లు మండింది. "మా ఇంటాయన గూడా ఇట్లా సిగ్గుపడే సచ్చిపోయినాడు. నువ్వూ పోతావా?" అని అరిచి వచ్చేసింది. బస్సులో ఏడ్చానని తర్వాత నాతో చెప్పింది.

ఆ బావ పేరు వెంకటప్ప, మడకశిర దగ్గర పల్లె. రెండు నెలలుగా రానివాళ్ల లిస్టులో ఆయనా ఉన్నాడు. చౌడక్క అక్కడికీ వెళ్లింది. "మా బావమరిది నన్ను చూసినాడక్కా. వాళ్లక్కను పుట్టింటికి పిల్చుకొనిపోతాడు" అని ఆయన బెంగ. అంటే ఇద్దరు మహానుభావులూ ఒకరిని చూసి ఒకరు పారిపోయారన్నమాట.

చెప్పేద్దామంటే నియమం అడ్డం. "నేనెవురి సంగతీ చెప్పను. ముందు నీ పెండ్లాంతో చెప్పు. ఆమెకూ పరీక్ష చేయిద్దాం. ఆ మీదట బెంచీ కాడ చూసినోనితో నువ్వే పోయి మాట్లాడు" అని మాత్రం అంది.

వారానికి వెంకటప్ప ధర్మవరంలో బావమరిది గుమ్మంలో దిగాడు. చెవులు కుట్టే కార్యానికి పిలవడానికట.

"మీ అక్కకు చెప్పినా కుళ్లాయా. ఆమెకు మూడేండ్ల నుంచి తెలుసంట! నేను దాచిపెట్టే మాత్రల డబ్బాకు దుమ్ము దులుపుతాండేది ఆమేనంట. పరీక్ష గూడా చేయించుకునింది, ఏమీ లేదు."

కుళ్లాయప్ప తలెత్తలేదు. "మరి పాప..."

"పాప నీ తొడమీదనే కూర్చుంటుంది. దానికి నువ్వు బతికుండాల గదప్పా. పొద్దున రైలుకు ఇద్దరమూ హిందూపురం పోతాండాం."

మరునాడు చౌడక్క వెళ్లేసరికి ఇద్దరూ ఆ బెంచీ మీద పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. వెంకటప్ప ముఖం మీద తువ్వాలు లేదు. బావమరిది దగ్గు ఆగక ఇబ్బంది పడుతుంటే నోరు తుడుచుకోమని ఆ తువ్వాలు అతనికి ఇచ్చాడు.