చెవిలో అత్తరు

మా పెద్దనాన్న కొడుక్కి ఎడమ చెవి వినపడదు. చిన్నప్పుడు వచ్చిన జ్వరంతో పోయింది. అయినా ఆయన పాటగాడు. పగలు హుస్సేనీ ఆలంలో మా ఉమ్మడి స్టీలు సామాన్ల దుకాణంలో కూర్చుంటాడు, పెళ్లిళ్ల రోజుల్లో సాయంత్రాలు ఫంక్షన్ హాళ్లలో పాడతాడు. నాకంటే పదకొండేళ్లు పెద్ద. నేను డిప్లొమా చదివి, కంచన్‌బాగ్ వైపు లోహపు ముక్కలను వంచి, లాగి, ఎక్కడ తెగుతాయో రాసుకునే ఉద్యోగం చేస్తున్నాను. సెలవు రోజుల్లో అన్న వెంట వెళ్లి స్టేజీ పక్కన చిన్న సౌండు మిక్సర్ ముందు కూర్చుంటాను. ఆయన చెవికి ఏం వినపడాలో, ఎంత వినపడాలో చూడటం నా పని.

వినపడే ఆ కుడి చెవిలో ఉండేది ఒక ఇన్-ఇయర్. ఫోనుతో వచ్చే ఇయర్‌ఫోను లాంటిది కాదు. డోలు, కీబోర్డు, స్పీకర్ల హోరులో పాడేవాడికి తన గొంతు తనకు తెలియాలంటే చెవిని పూర్తిగా మూసి, లోపల ఆ గొంతును విడిగా వినిపించాలి. మామూలు రబ్బరు బుడిపెలు అన్నకు నిలవలేదు. పాడుతుంటే దవడ కదిలి జారిపోయేవి. అందుకని రెండేళ్ల కిందట చెవిలోకి మెత్తటి ముద్ద పోసి అచ్చు తీయించాం. ఆ అచ్చుతో చేసిన ముక్క ఆయన కుడి చెవికి తప్ప ఇంకే చెవికీ పట్టదు. జతలో వచ్చిన ఎడమది మెడ పక్కన ఊరికే వేలాడుతుంటుంది.

వచ్చిన రోజు దాన్ని భూతద్దం కింద పెట్టి చూశాను. అద్దంలాంటి గుల్ల. లోపల బియ్యపు గింజంత లోహపు డబ్బా. ఆ డబ్బాలో నాలుకలాంటి సన్నని రేకు ఒకటి ఉంటుందనీ, అది కదిలితేనే పాట వస్తుందనీ చదివాను. రోజంతా యంత్రాలు లాగినా లొంగని లోహాన్ని చూసేవాణ్ణి. గొంతులోని చిన్న వణుకుకే వణికే లోహం కూడా ఉంటుందని అప్పుడే తెలిసింది. చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు.

ఆ భయభక్తులతోనే అన్నకు ఒక కాగితం రాసిచ్చాను. తీగ పట్టి లాగవద్దు, గుల్ల పట్టి మెల్లగా తిప్పుతూ తీయాలి. తీగను నాలుగు వేళ్ల చుట్టూ వదులుగా చుట్టాలి, ఫోను చుట్టూ బిగించవద్దు. స్కూటర్ డిక్కీలో ఎండకు పెట్టవద్దు. చెమట తుడవకుండా డబ్బాలో వేయవద్దు. ఇలా తొమ్మిది. అన్న దాన్ని దుకాణంలో గోడకు అతికించాడు.

"ఒచ్చినోళ్లు సదివి, స్టీలు గిన్నెలకు గిన్ని షరతులేంది సేఠ్ అంటుండ్రురా" అని నవ్వాడు గానీ, రెండేళ్లలో ఒక్కటి కూడా తప్పలేదు. తీగ మీద ఒక్క మడత కూడా పడలేదు.

అలాంటిది ఒక ఆదివారం స్టేజీ మీద ఆయన శృతి తప్పాడు. చెవిలో గొంతు ఎక్కడో గోడ అవతల పాడుతున్నట్టుందని సైగ చేశాడు. నేను పెంచాను, ఇంకా పెంచాను, చివరిదాకా పెంచాను. లాభం లేదు. పల్లవి అర స్వరం కిందికి జారి అక్కడే నడిచింది. దిగాక పార్టీ పెద్ద, అంటే పాటగాళ్లను పిలిపించి కార్యక్రమాలు నడిపే ఆయన, అన్నను పక్కకు పిలిచాడు.

"రేపు గూడ గిట్లనే పాడితే నేను వేరేటోన్ని చూసుకుంటనన్నా. మనసుల పెట్టుకోకు" అన్నాడు.

అన్న ఇన్-ఇయర్ తుడిచి డబ్బాలో పెట్టాడు. పదహారో ఏట నుంచి పాడుతున్న మనిషి. దారంతా స్కూటర్ వెనక కూర్చుని ఒక్క కూనిరాగం కూడా తీయలేదు.

సోమవారం సెలవు పెట్టి పొద్దున్నే వాళ్ల ఇంటికి వెళ్లాను. సాయంత్రం ఏడింటికి కార్యక్రమం. ముందు తీగలను అటూ ఇటూ మార్చి చూశాను. కుడి తీగకు ఎడమ ముక్క పెడితే బాగానే పలికింది. అంటే తప్పు తీగలో లేదు, కుడి ముక్కలోనే ఉంది. టార్చి వేసి చూస్తే, పాట బయటికొచ్చే సన్నని గొట్టం మూతి దగ్గర, దాన్ని కప్పిన చిన్న జల్లెడ మీద, తడి మెరుపు. చెమట అనుకున్నాను. సంచిలోంచి స్పిరిటు సీసా తీసి మూత విప్పాను.

చాయ్ తెచ్చిన వదిన గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంది తమ్మీ, గీ డబ్బాల షాదీ వాసనొస్తుంది?"

"షాదీ వాసనేంది వదినా?"

"అత్తరు. శుక్రారం కాడ్నుంచి మీ అన్న దిండుకు గూడ గదే వాసన. నేను అడుగుదామనుకుంటనే ఉన్న, ఏ బేగమ్ ఎదురైందో అని."

అన్న ముఖం చూస్తే సంగతి తెలిసిపోయింది. శుక్రవారం దబీర్‌పురాలో ఒక నికాహ్‌కు గజళ్లు పాడాడు. గుమ్మం దగ్గర పెళ్లికొడుకు తాత అత్తరులో ముంచిన చిన్న దూది ఉండను తన చేత్తోనే అన్న చెవి మడతలో పెట్టాడు. కుడి చెవిలో. అన్న దాని మీదే ఇన్-ఇయర్ బిగించి మూడు గంటలు పాడాడు.

"చెవుల దూది ఉన్నప్పుడు తియ్యాలని తెల్వదా అన్నా?"

"ఎనభై ఏండ్ల పెద్దమనిషిరా. ఎదురుంగనే కూసున్నడు. ఆయన పెట్టినదాన్ని ఆయన ముంగటనే తీసి పడేస్తనా?"

 స్పిరిటు సీసా మూత మళ్లీ బిగించాను. స్పిరిటు నూనెను కరిగిస్తుంది, నిజమే. కానీ కరిగిన నూనెను వెంటబెట్టుకుని జల్లెడ దాటి ఆ డబ్బాలోకే పోతుంది. సూదితో గీకితే జల్లెడ చిరుగుతుంది. ఊదితే లోపలికే తోసినట్టు. చేయకూడనివన్నీ నాకు తెలుసు. చేయవలసింది ఒక్కటీ తెలియలేదు.

"అత్తరు సంగతి అత్తర్లమ్మేటోన్ని అడగరాదు?" అంది వదిన.

వాళ్ల గల్లీ చివర అత్తరు దుకాణం రెండు మంచాలంత ఉంటుంది. అది నడిపే చాచాకు డెబ్బై దాటి ఉంటాయి. సంగతి చెప్పి డబ్బా ముందు పెట్టాం. ఆయన ముక్కను ఎత్తిన తీరు చూసి నేను ఆగిపోయాను. తీగ ముట్టలేదు. గుల్లను రెండు వైపులా వేళ్ల మెత్తదనంతో పట్టి, మూతి కిందికి ఉంచి ఎత్తాడు. నా కాగితంలో మొదటి నియమం అది. ఆయనకు ఎవరూ రాసివ్వలేదు.

ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూశాడు.

"ఇది నా మాల్ కాదు. తెల్లనూనె కలిపిండ్రు. అస్లీ చందనమైతే చిక్కగుంటది, గింత లోపటికి పోదు."

"పోతదా చాచా, బయటికి?" అన్నాడు అన్న.

"పల్చగుండె గనకనే పోయింది. పల్చగున్నది గనకనే వస్తది. ఫికర్ నక్కో, రంది పడకు."

కొత్త దూది పాయ తీసి, నలపకుండా, పోగులు వాటంతట అవే మొనగా మారేదాకా లాగాడు. ముక్కను అరచేతిలో పెట్టి పిడికిలి మూశాడు. మూతి మాత్రం రెండు వేళ్ల సందులోంచి కిందికి కనిపిస్తోంది. ఆ వేళ్ల మధ్యే దూదిని ఇరికించి, మొనను మూతికి తాకీ తాకనట్టు ఆనించి, అలాగే కూర్చున్నాడు.

ఐదు నిమిషాలైనా కదలలేదు. నాకు ఆత్రం ఆగలేదు.

"చాచా, కొంచెం ఊదితే..."

"ఊదుతవా? బిర్యానీ పొయ్యి అనుకున్నవా?" అని కసిరాడు. "ఇంజినీర్ సాబ్, నీ బడిల ఆగుడు నేర్పలేదా?"

నిన్నటి నుంచి అన్న నవ్వడం అదే మొదటిసారి.

అప్పుడు నాకు అర్థమైంది. పిడికిలి వెచ్చదనానికి నూనె ఇంకా పలచబడుతుంది. మూతి కిందికుంది కాబట్టి కిందికే దిగుతుంది. దూది పోగుల మధ్య సందులు దాన్ని పీల్చుకుంటాయి. ఈ మూడింటికీ నా దగ్గర పేర్లున్నాయి, సూత్రాలున్నాయి, పరీక్షలో రాసిన మార్కులున్నాయి. మూడింటినీ కలిపి ఒక ముసలాయన పిడికిలిలో చూస్తానని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. మంట లేదు, బలం లేదు, తోయడం లేదు. నూనె తనంతట తాను బయటికి రావడానికి ఇష్టపడేదాకా దానికి దారి చూపిస్తూ కూర్చోవడమే.

దూది తీసి చూపించాడు. మొన మీద ఆవగింజంత పసుపు మరక. కొత్తది పెట్టాడు. బేరాలు వస్తున్నాయి, పోతున్నాయి. ఎడమ చేత్తో సీసాలు ఇస్తున్నాడు, చిల్లర అందుకుంటున్నాడు. కుడి పిడికిలి అంగుళం కూడా జరగలేదు. ఆ పిడికిలికీ శరీరానికీ సంబంధం లేనట్టుంది. నేను మరకలు లెక్కపెట్టాను. నాలుగోది గసగసాలంత. తొమ్మిదోది కళ్లు చిట్లిస్తేనే కనపడింది. పదకొండో దూది తెల్లగా వచ్చింది. రెండు గంటలు పట్టింది.

తీగ తగిలించి, ఫోనులోంచి అన్న పాడిన పాటే పెట్టి, ముక్కను అన్నకే ఇచ్చాను. ఆయన గుల్లను మెల్లగా తిప్పుతూ చెవిలో కూర్చోబెట్టుకున్నాడు. కళ్లు ఎక్కడా చూడటం లేదు.

"వచ్చిందా?"

"ఆగురా."

ఇంకాసేపటికి, "తంబురా వినొస్తుంది. పై సురాల మీద కొంచెం మబ్బున్నది" అన్నాడు.

"ఆ మబ్బు గూడ కురిసి పోతదిలే," అన్నాడు చాచా. "సాయంత్రందాకా దూది మీద బోర్లా పెట్టుర్రి. మూత ఎయ్యకుర్రి."

లేవబోతుంటే చాచా ఆపి, వేలాడుతున్న ఎడమ ముక్కను అడిగి తీసుకున్నాడు. అది ఆయన చెవికి పట్టదు కదా, దగ్గరగా ఆనించుకున్నాడు. పాట నడుస్తోంది. నోరు కొద్దిగా తెరుచుకుంది. గుల్లను వెలుతురుకు పట్టి లోపలున్న బియ్యపు గింజను చూశాడు, మళ్లీ చెవికి ఆనించాడు.

"పాడేటోడు ఈడ నిలవడ్డడు," అన్నాడు అన్నను చూపిస్తూ. "మరి దీంట్లున్నదెవరు?"

నేను నాలుకలాంటి ఆ రేకు గురించి చెప్పబోయి మానుకున్నాను.

ఏడు దాటాక అన్న స్టేజీ ఎక్కాడు. పార్టీ పెద్ద చేతులు కట్టుకుని నా వెనకే నిలబడ్డాడు. డోలు మొదలైంది, కీబోర్డు కలిసింది. నా చేయి మీట మీద ఉంది, ఇంకా పెంచడానికి సిద్ధంగా. అన్న పల్లవి ఎత్తాడు. పై షడ్జం దగ్గర గొంతు వెళ్లి నిలబడింది, నిలబడే ఉంది, గీత గీసినట్టు.

అన్న నావైపు తిరిగి కనుబొమలు ముడిచాడు. నేను మీటను పైకి తోయబోయాను. ఆయన అరచేతిని నేలవైపు మెల్లగా దించాడు. చెవిలో గొంతు మరీ గట్టిగా ఉందట.

తగ్గించాను.