మొక్కుబడి పుస్తకంలో ఎమ్మెల్యే గారి పేరు

మా ఎమ్మెల్యే గారి మీద నాకున్న కోపం ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గాని, ఆ రెండేళ్లూ ఆయన పేరు వింటేనే ఒళ్లు మండేది.

దివిసీమలో, హంసలదీవికి వెళ్లే దారిలో ఉంది మా ఊరు. ఊరికీ ఆసుపత్రికీ మధ్య కాలవ, దాని మీద రెండు తాటిదుంగలు. గట్టి వానలు పడితే అవీ మునిగిపోయేవి. నా మొదటి కాన్పు అలాంటి వానల్లోనే వచ్చింది. గట్టు మీద తడుస్తూ దోనె కోసం చూస్తూ చూస్తూ ఆలస్యమైపోయింది. బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత మిషన్ బడిలో పాఠాలు చెప్పాను, ఇంట్లో వంట చేశాను, కాలవ వైపు చూడటం మాత్రం మానేశాను.

మరుసటేడు ఎన్నికలు. ఆదివారం ఆరాధన ముగిసే వేళకు ఆయన ఓట్లడగడానికి మా చర్చికి వచ్చారు. నా సంగతి ఎవరో చెప్తే విని, ప్రసంగ పీఠం దగ్గర నిలబడి, "ఈ ఎండాకాలం కాలవ కట్టేయగానే బండి వెళ్లే వంతెన కట్టిస్తానండి. ఇది నా మాట" అన్నారు. ఓట్లన్నీ ఆయనకే వేశాం. ఆయన గెలిచారు. వేసవిలో కాలవకు నీళ్లు ఆపినప్పుడే అందులో తాపీ పని చేయడానికి వీలవుతుంది. అలాంటి వేసవులు రెండు వెళ్లిపోయాయి, ఒక్క ఇటుక కూడా దిగలేదు.

అప్పుడు నాకు మళ్లీ నెల తప్పింది. నెలలు చూసుకుంటే కాన్పు సరిగ్గా వానల్లోనే. ముందే పుట్టింటికి వెళ్దామంటే నాకు పుట్టిల్లు లేదు, హాస్టల్లో పెరిగినదాన్ని. రాబోయే ఎండాకాలంలో వంతెన పడకపోతే మళ్లీ అదే గట్టు. ఈ భయం అత్తయ్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు కోతపండుగకు పెద్దలు ఆయన్నే ముఖ్య అతిథిగా పిలిచారు. మా చర్చిలో ఒక ఆనవాయితీ ఉండేది. పండుగ నాడు గుమ్మడికాయలు, కోళ్లు వేలం వేయకముందు, చర్చిలో నిలబడి మొక్కుకున్నవాళ్ల పేర్లు పాస్టరు గారు పుస్తకంలో చూసి పిలుస్తారు. వచ్చినవాళ్లు లేచి తీర్చారో లేదో చెప్పాలి. తీర్చనివాళ్లను ఎవరూ తిట్టరు. తీర్చేదాకా ప్రతి ఆదివారం వాళ్ల పేరు చెప్పి ప్రార్థన చేస్తారు. అంతకంటే తిట్టినా బాగుండుననిపించేది. మా సంఘపెద్ద ఒట్టి అమాయకుడు. పీఠం దగ్గర నిలబడి ఎమ్మెల్యే గారు చెప్పింది ఎన్నికల మాటని ఆయనకు తట్టలేదు. మొక్కుబడే అనుకుని పుస్తకంలో రాసేశాడు.

ఆ పండుగ నాడు పాస్టరు గారు చివరి పేరు దగ్గర ఆగి, దగ్గి, పుస్తకం మూసేశారు. నా పక్కనున్న అత్తయ్య లేచింది. నేను కొంగు పట్టుకు లాగాను.

"ఇంకో పేరుంది కదండీ" అంది.

"అది తర్వాత చూద్దాం లేమ్మా."

"మా అందరివీ చదివారు, ఆయన్నొక్కణ్ణీ ఎందుకండీ వదిలేయడం? ప్రార్థన ఆయనకి మాత్రం అక్కర్లేదా?"

అందులో వెటకారం ఏ కోశానా లేదు. పాస్టరు గారు గొంతు తగ్గించి చదివారు. మేమే వేసిన బంతిపూల దండతో ఎమ్మెల్యే గారు లేచి, "ఫైలు బందరులో ఉందండీ, ఓవర్సీయరు గారు..." అని మొదలుపెట్టారు.

"తీర్చారా, తీర్చలేదా బాబూ? ఇక్కడ అంతే అడుగుతామండి" అంది అత్తయ్య.

ఆయన మెడలో దండ తీసి చేత్తో పట్టుకున్నారు. "తీర్చలేదండి" అన్నారు.

అందరం తలలు వంచాం. ప్రార్థన అత్తయ్యే చేసింది. ఆయనకు ఆరోగ్యం ఇమ్మంది, ఆయన పిల్లల్ని చల్లగా చూడమంది, ఇచ్చిన మాట గుర్తుచేయమంది, ఓవర్సీయరుకు మంచి బుద్ధి పుట్టించమంది. ఎప్పుడు కూర్చోవాలో తెలియక ఆయన చేతులు కట్టుకుని నిలబడే ఉన్నారు. నేను ఒక కన్ను తెరిచి చూశాను. దేవుడు క్షమించాలి, ఆయనకు పట్టిన చెమట చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది.

తర్వాత ప్రతి ఆదివారం ఆయన పేరు తప్పలేదు. సంగతి అవనిగడ్డ దాటి బందరు దాకా పాకింది. "మీ కోసం ఇంకా ప్రార్థనలు జరుగుతున్నాయటగా!" అని కనబడ్డవాళ్లంతా ఆయన్ని పరామర్శించేవారట. ఎండాకాలం వచ్చి కాలవ కట్టేసిన వారానికే ఓవర్సీయరు టేపు పట్టుకుని దిగాడు. ఎమ్మెల్యే గారు గొడుగేసుకుని వచ్చి గట్టు మీద నిలబడ్డారు.

"అమ్మా, ఇక నా పేరు ఆపించండి" అన్నారు అత్తయ్యతో.

"బండి దాటాక ఆపుతామండి."

జూలైలో, ముసురు పట్టిన ఒక పొద్దున నాకు నొప్పులు మొదలయ్యాయి. మా ఆయన ఎడ్లను తోలుతున్నారు. అత్తయ్య ఒళ్లో తల పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని పడుకున్నాను. కాలవ ఎప్పుడొస్తుందోనని దారి పొడుగునా బిగుసుకుపోయే ఉన్నాను. ఇక ఉండలేక అడిగాను.

"కాలవ వచ్చిందా అత్తయ్యా?"

"ఎప్పుడో దాటేశామే పిచ్చిదానా! అదుగో, ఆసుపత్రి గేటు."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నొప్పులు కూడా మర్చిపోయి ఏడ్చాను. మధ్యాహ్నానికల్లా పాప పుట్టింది.