చెవులు మూసుకుంటే పెరిగిన ధ్వని

దెయ్యాల్నీ మహిమల్నీ నమ్మే రకం కాదు నేను. రాజోలు దగ్గర మాది కిరాణా కొట్టు. తూకం చూడందే దేవుణ్ణైనా లోపలికి రానివ్వని ఇల్లు. బేరమాడకుండా నేను తీసుకున్నది ఈ కువైట్ వీసా ఒక్కటే. అందులోనే మోసపోయాను.

కువైట్‌లో జాబ్రియా అనే పేటలో ఒక ఇంట్లో మూడేళ్లుగా పని చేస్తున్నాను. అక్కడ వంట చేసే ఓబులమ్మక్కది కడప వైపు. పందొమ్మిదో శతాబ్దంలో ఉత్తరాదిన ఒక భక్తిమార్గాన్ని మొదలుపెట్టిన గురువంటే ఆమెకు ప్రాణం. ఆయన ఇల్లు వదలకుండానే, వెలుతురు రాని గదిలో ఏళ్ల తరబడి కూర్చుని లోపలి ధ్వనిని విన్నారట. అందుకని అక్క కూడా రోజూ మధ్యాహ్నం మెట్ల కింద సామాన్ల గదిలో తలుపేసుకుని, బొటనవేళ్లతో చెవులు మూసుకుని కూర్చునేది. ఆ సేపు పిలవకూడదు, తాకకూడదు.

"ఇయ్యాలైనా ఏవన్నా వినపడిందేంటక్కా?" అని ఆటపట్టించేదాన్ని.

"విన్నది బయట చెప్పగూడదు మే. నీకంతా ఎగతాళే," అనేది.

కిందటి జనవరిలో చలి బాగా పట్టింది. ఒక మధ్యాహ్నం మామా, అంటే మా యజమానురాలు, పిల్లలతో బయటికి వెళ్లింది. నేను మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను. ఏదో మోగడం మొదలైంది. పక్కింట్లో ఏమో అనుకున్నాను. ఎంతకీ ఆగకపోతే విసుగొచ్చి చెవులు మూసుకున్నాను.

ధ్వని తగ్గలేదు. పెరిగింది.

వేళ్లు తీస్తే సన్నగా, మూస్తే గట్టిగా. నాలుగైదు సార్లు చూశాను, సరుకు తిప్పి తిప్పి చూసే అలవాటు ఎక్కడికి పోతుంది? కిందికి దిగుతుంటే మెట్టు మెట్టుకీ అది ఎక్కువైంది. సామాన్ల గది ముందు నా అడుగుల చప్పుడే నాకు వినపడలేదు.

ధ్యానం చెడగొడితే అక్క మళ్లీ నా ముఖం చూడదు.

"అక్కా, కోప్పడకు. ఒక్కసారి పలుకు," అన్నాను. పలకలేదు. "పోనీ, పలకొద్దులే. దగ్గు చాలు."

దగ్గలేదు. భుజంతో తలుపు నెట్టాను.

తలుపు సందులో దుప్పటి కుక్కి ఉంది, బయటి చప్పుళ్లు రాకుండా. చలికి పెట్టుకున్న బొగ్గుల కుంపటి ఎర్రగా ఉంది. అక్క పక్కకి ఒరిగిపోయింది. చేతులు చెవుల మీంచి జారిపోయి ఉన్నాయి. చంకల కింద పట్టుకుని ఆరుబయటికి ఈడ్చాను. ఆమె ఊపిరి అందుకునేసరికి ఆ ధ్వని లేదు. ఎప్పుడు ఆగిందో తెలియదు.

ఇంకాస్త ఆలస్యమైతే ఖలాస్ అన్నారు ఆసుపత్రిలో. బొగ్గుల గాలి పీలిస్తే తల తిరిగి ఏవేవో వినపడతాయని ఒక నర్సు నాకు చెప్పింది. కావచ్చు. కానీ నేనున్నది గాలి కొట్టే మేడ మీద, పట్టపగటి ఎండలో.

మూడో రోజు అక్కకి అంతా చెప్పాను. ఆమె గోడకేసి తిరిగింది.

"పదకొండేండ్ల నుంచీ కూచుంటాండా మే," అంది. "నాకొక్క తూరి గూడా వినపడల్యా."

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎట్లుండె? నాకు జెప్పు."

పురుగు పట్టిన కందిపప్పుని కూడా పొగిడి అమ్మగల నోరు నాది. ఆ రోజు నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాను. అది ఎక్కడిదో, వినాలని కూర్చున్న మనిషిని వదిలి నా చెవుల్లో ఎందుకు మోగిందో నాకు ఇప్పటికీ తెలియదు. అక్క మాత్రం ఆ చెయ్యి చాలాసేపు వదలలేదు.