ఐరిష్ ఖాదర్

మొన్న ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్ళు పోయడానికి ఒకతను ఇంటికి వచ్చాడు. మూతలు విప్పగానే పుల్లగా, ముక్కులో సన్నగా గుచ్చే ఆసిడ్ వాసన హాలంతా పరుచుకుంది. మా కోడలు చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని కిటికీలన్నీ తెరిచింది. నేను మాత్రం కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను. "దూరం జరుగుండ్రి అమ్మా, గీ వాసన మంచిది కాదు" అన్నాడతను. ఎవరికి మంచిది కాదో నాకు తెలియదు. పందొమ్మిది వందల అరవైల నడుమ, గోదావరిఖనిలో మా పక్క క్వార్టర్‌లో ఉండిన ఖాదర్ చాచా ఒంటి మీద పొద్దస్తమానం ఆ వాసనే ఉండేది. నన్ను మనిషిని చేసిన వాసన అది. దానికి దూరంగా ఎందుకు జరుగుతాను?

చాచా గని దగ్గర లాంప్ రూంలో పనిచేసేవాడు. కార్మికులు టోపీకి తగిలించుకుని దిగే దీపాల బ్యాటరీలను ఛార్జింగ్ పెట్టడం, షిఫ్టుకు ముందు ఒక్కొక్కటీ వెలిగించి చూసి చేతికివ్వడం ఆయన పని. ఆసిడ్ చుక్కలు పడి ఆయన చొక్కాలన్నిటికీ చిన్న చిన్న చిల్లులుండేవి. మా నాయన అదే గనిలో కప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పని చేసేవాడు. మేము క్రైస్తవులం, వాళ్ళు తురకలు, మధ్యలో నడుమెత్తు గోడ. ఆ గోడ మీదుగా క్రిస్మస్ రొట్టెలు అటు పోయేవి, రంజాన్ సేమ్యా ఇటు వచ్చేది.

నాకు నత్తి. ఉండేది అని రాయడం లేదు, ఇప్పటికీ ఉంది. నా పేరు దేవకరుణ. ఆ మొదటి అక్షరం దగ్గరే నాలుక పంటికి అతుక్కుపోయేది. ద, ద, ద అంటూ నేను మెడనరాలు బిగించి పెనుగులాడుతుంటే ఎదుటివాళ్ళు జాలిపడి పేరు పూర్తి చేసేసేవాళ్ళు. అమ్మ ప్రార్థనలు చేయించింది. మా అవ్వ వసకొమ్ము అరగదీసి నాకించింది. ఆరో తరగతిలో మా తెలుగు సారు వరసగా అందరిచేతా పాఠం చదివించి, నా దగ్గరికి రాగానే "నువ్వు కూర్చో అమ్మా" అని తర్వాతి పిల్లను లేపేవాడు. బెత్తంతో కొట్టినా ఊరుకునేదాన్నేమో. ఆ "కూర్చో అమ్మా" మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

మొదటి షిఫ్టు దిగి వచ్చాక చాచా వరండాలో చిన్న అద్దం, అట్టలేని పుస్తకం పెట్టుకుని కూర్చునేవాడు. అద్దంలో చూసుకుంటూ నాలుక ముడిచేవాడు, పెదాలు గుండ్రంగా చుట్టేవాడు, గొంతులో గరగర చప్పుడు చేసేవాడు. వాడకట్టంతా ఆయన్ని ఐరిష్ ఖాదర్ అనేది. ఆ పేరు వెనక కథ ఆయనే నవ్వుతూ చెప్పేవాడు. ఇంగ్లీషు వస్తే హెడ్ లాంప్‌మన్ అవ్వొచ్చని ఆశపడి, రామగుండం స్టేషన్ దగ్గర పాత కాగితాల దుకాణంలో ఆ పుస్తకం కొన్నాడట. ముందు పేజీలు లేవు. లోపల నోటి బొమ్మలు, ఒక్కో శబ్దానికి నాలుక ఎక్కడ ఆనాలో గీతలు, పక్కన వింత వింత గుర్తులు. ఇంగ్లీషు నేర్పే పుస్తకం ఇంతకంటే ఎలా ఉంటుందనుకున్నాడు. ఆర్నెల్లు సాధన చేసి, ఒక పొద్దున ధైర్యం తెచ్చుకుని ఇంజనీరు దొర ఎదుట నిలబడి గడగడా నాలుగు వాక్యాలు చెప్పాడు. దొర ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, దవాఖానకు చీటీ రాసిచ్చాడు.

అది ఐర్లండు దేశపు భాష అని చివరికి మిషన్‌లోని పాదిరిగారు చెప్పారు. ఇంకొకరైతే ఆ పుస్తకాన్ని పొయ్యిలో పెట్టేవారు. "ఆర్నెల్లు నా నోరు అరిగింది. నవ్వెటోళ్ళు నవ్వనీ, నేనైతే ఇడిచిపెట్ట" అన్నాడట చాచా. మాటల పక్కనున్న ఇంగ్లీషు అర్థాలు ఆఫీసు గుమస్తాను పట్టుకుని చెప్పించుకున్నాడు. గుర్తులకు ఆయనే పేర్లు పెట్టుకున్నాడు. బోర్లపడ్డ ఇంగ్లీషు ఈ, బొగ్గు టబ్బు కొక్కెం, చేపతోక, పన్నున్న డీ.

ఒక ఆదివారం గోడ ఇవతల నిలబడి ఆయన మొహం వంకర్లు చూసి నేను పకపకా నవ్వాను. "నవ్వుడు కాదు, ఇటు రా" అన్నాడు. వెళ్ళాను. పుస్తకం నా ముందుకు తోసి చదవమన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. నా సంగతి ఆయనకు తెలియనిది కాదు.

"ఇను బిడ్డ. నువ్వు తెలుగు చదివితే తప్పు పట్టెటోళ్ళు వెయ్యిమంది. గీ భాషల నువ్వు తప్పు పలికినవని చెప్పెటోడు గోదావరిఖనిల ఒక్కడు లేడు. రామగుండంల లేడు. కాసిపేట దాక పోయి అడుగు, ఆడ సుత లేడు. ఇగ ఎవలకు భయపడ్తవు? జర నోరు తెరువు."

తెరిచాను. 'తా అ దొరస్ ఎర్ ఒస్కిల్చ్' అనే వాక్యం అది. తలుపు తెరిచి ఉంది అని అర్థం. అందులో దొర ఎందుకున్నాడని అడిగితే, "దొర కాదు, దర్వాజ" అని నవ్వాడు. గుర్తు తర్వాత గుర్తు, నాలుక ఎక్కడ పెట్టాలో చూసుకుంటూ చదివాను. ఎక్కడా ఆగలేదు. నా గొంతు ఒక వాక్యం మొదలుపెట్టి దాన్ని చివరిదాకా తీసుకుపోవడం నేను వినడం అదే మొదటిసారి. మళ్ళీ చదివాను. ఆ రోజు పదిసార్లు చదివి ఉంటాను. చాచా భార్య మహబూబీ చాచీ చాయ్ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

అలా ఐదారేళ్ళు సాగింది. చేపతోక గుర్తు రావడానికి నాకు నెల పట్టింది. గ అనబోయి, నాలుక వెనకభాగాన్ని పూర్తిగా ఆనించకుండా సందులోంచి గాలి వదలాలి. "గీ శబ్దం ఇంగ్లీషు దొరలకు రానే రాదు. మా ఇండ్లల్ల పాలు తాగే పిల్లలకు సుత వస్తది. గరీబు అంటం గద, మా ఉర్దూల దాని మొదటి శబ్దం గిదే" అనేవాడు చాచా, మీసం దువ్వుతూ. నాయనకు మాత్రం ఇదంతా నచ్చలేదు. "తెలుగే సక్కగ రాని పిల్లకు గీ లొల్లి ఎందుకు ఖాదర్ భాయ్?" అని ఒకసారి గోడ దగ్గరే అడిగాడు. "రాదని ఎవలన్నరు? పిల్ల చెప్పేదాక మనం ఆగుతలేం, గంతే" అన్నాడు చాచా. నాయన లోపలికి వెళ్ళిపోయాడు.

నాకు పదహారేళ్ళప్పుడు మిషన్ దవాఖానకు ఐర్లండు నుంచి ఒక పెద్దవయసు సిస్టర్ వచ్చింది. ఆ కబురు తెలిసిన రోజు చాచా కాలు ఒకచోట నిలవలేదు. పదేళ్ళుగా తాను పలుకుతున్నది సరో తప్పో చెప్పగల మనిషి మన ఊరికే వచ్చిందాయె. చిల్లుల్లేని రంజాన్ చొక్కా వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఆమె మందుల గది బయట బల్ల మీద కూర్చుని ఉంది. చాచా చేతులు కట్టుకుని నిలబడి, 'నీకు దేవుడు తోడు' అనే అర్థంవచ్చే వాళ్ళ పలకరింపు పలికాడు. తర్వాత నాలుగు వాక్యాలు చెప్పాడు. ఆమె మొహం ఎర్రబడింది.

"నాకు రాదు" అంది, వచ్చీరాని తెలుగులో. "చిన్నప్పుడు బడిలో నేర్పారు. కొట్టి నేర్పారు. మొత్తం మరిచిపోయాను."

చాచా చేతులు కట్టుకునే ఉన్నాడు, కానీ భుజాలు దిగిపోయాయి. నాకు ఆమె మీద ఒళ్ళు మండింది. ఆయన చేతిలోంచి పుస్తకం లాక్కుని ఒక పేజీ మొత్తం చదివేశాను, గడగడా, ఎక్కడా తడబడకుండా. సిస్టర్ కళ్ళు తుడుచుకుంది. మాటలు అర్థం కాకపోయినా శబ్దాలు తెలుసునని, వాళ్ళ అమ్మమ్మ ఇలాగే మాట్లాడేదని చెప్పింది. నా చెయ్యి పట్టుకుని "నీ పేరేమిటమ్మా?" అని అడిగింది. ద, ద, ద. అంతే. ఆమె నా చేతిని తట్టి "పరవాలేదు, పరవాలేదు" అంది.

దారి పొడుగునా ఏడ్చాను. "ఆమెకే రాదంట. ఇగ మనం ఎందుకు చదవాలె చాచా?" అని ఆయన మీదే విరుచుకుపడ్డాను. ఆయన వరండాలో కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, పుస్తకం తెరిచాడు.

"ఆమె మర్సిపోయిందని నేనెందుకు మర్సిపోవాలె? వచ్చే ఐతారం సంది ఆమెకు నేనే చెప్త. గది నా సంగతి. ఇప్పుడు నీ సంగతి జూడు. దొరస్‌ల మొదటి గుర్తు ఏంది?"

"పన్నున్న డీ."

"నాలిక ఏడ ఆనాలె?"

"పై పండ్లకు."

"దేవకరుణల మొదటి శబ్దానికి ఏడ ఆనాలె?"

నేను నాలుకతో వెతుక్కున్నాను. అక్కడే. అదే చోటు, అదే గుర్తు. ఐదేళ్ళుగా తడబడకుండా పలుకుతున్నది ఆ శబ్దాన్నే.

"మరి నీ నాలికకు ఏం బీమారి ఉన్నది?" అన్నాడు చాచా. "ఏం లేదు. బీమారి ఎదుటోళ్ళ ఓపికకు ఉన్నది. నత్తి పోతదో పోదో నాకు తెల్వదు, నేను డాక్టర్ను కాను. పోకుంటే పోకపాయె. పేరు నీది. ఎంతసేపు పడితే గంతసేపు చెప్పు. ఎవలన్న నడుమల అందుకుంటే చెయ్యి అడ్డం పెట్టు. ఇన్ని దినాలు నువ్వు గీ పుస్తకంల దాక్కున్నవు బిడ్డ. నేను సుత చూసుకోలే. ఇగ బయటికి రా."

అన్నట్టే ఆయన ఆదివారం చర్చి ప్రార్థన అయ్యాక సిస్టర్‌కు పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు. లాంప్ రూం ఖాదర్ ఐర్లండు ఆవిడకు ఐరిష్ నేర్పుతున్నాడని ఊరు ఊరంతా నవ్వింది. ఆయన ఏడాదిపాటు ఒక్క ఆదివారం కూడా మానలేదు.

నాకు టీచర్ కావాలని ఉండేది. ఎవరినీ "కూర్చో అమ్మా" అనని టీచర్ కావాలని. మా ఇంట్లో మాత్రం కుట్టుమిషన్ చూసిపెట్టారు. మిషన్ ముందు కూర్చుంటే ఎవరితోనూ మాట్లాడే పనుండదని వాళ్ళ ఆలోచన. టీచర్ ట్రైనింగ్ సీటుకు ఇంటర్వ్యూ కాగితం వచ్చినప్పుడు నాయన మెత్తబడ్డాడు. "ఒక్కసారి పోయి రా. రాకుంటే మాత్రం ఇగ మిషనే" అన్నాడు.

ఇంటర్వ్యూ గదిలో ముగ్గురు కూర్చున్నారు. పేరు అడిగారు. నాలుక పంటికి అతుక్కుపోయింది. నడుమనున్న పెద్దాయన కాగితం చూసి "దేవకరుణ, అంతే కదా" అని తానే చదివేశాడు. చెడ్డవాడేం కాదు. "మార్కులు బాగున్నాయమ్మా. కానీ నలభై మంది పిల్లల ముందు నిలబడాలి. వాళ్ళు నవ్వుతారు. ఆఫీసు పని ఏదైనా చూసుకోరాదా?" అన్నాడు.

ఒక్క పాఠం చెప్పనివ్వండి అని అడిగాను. ఆ ముక్క అడగడానికే ఎంతసేపు పట్టిందో నాకు గుర్తుంది. సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద నోరు గీశాను, నాలుక గీశాను, గాలి పోయే సందు గీశాను, పక్కన చేపతోక గుర్తు వేశాను. గొంతు మీద చెయ్యి పెట్టుకోమని ముగ్గురికీ చెప్పి, ఆ శబ్దం పలికి చూపించి, పలకమన్నాను. ఒకాయనకు దగ్గు వచ్చింది. ఇంకొకాయన ఉత్త గ అనే అన్నాడు. పెద్దాయన మూడుసార్లు ప్రయత్నించి గరగరమన్నాడు. ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. నేను నవ్వలేదు. మళ్ళీ చూపించాను. పెద్దాయనకు ఐదోసారికి వచ్చింది.

"మీ... మీకు ముందుగాల రాలే సార్" అన్నాను. బెదురులో పుస్తకాల తెలుగు ఎగిరిపోయి ఇంటి మాటే వచ్చింది. "నేను నవ్వలే. ఆ... ఆగిన. నా పిల్లలకు సుత గదే నే... నేర్పుత. ఇప్పుడు నా పేరు అడుగుండ్రి."

పెద్దాయన కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని "నీ పేరేమిటి?" అని అడిగాడు. నేను మొదలుపెట్టాను. ద దగ్గర ఆగింది. అలవాటుకొద్దీ అందించబోయి ఆయన నోరు తెరిచాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఆయన నోరు మూసుకున్నాడు. చెప్పాను, మొత్తం, మా ఇంటిపేరుతో సహా.

బస్సు దిగి నేరుగా చాచా ఇంటికే వెళ్ళాను. ఆయన సీటు గురించి అడగలేదు.

"పేరు చెప్పినవా?"

"చెప్పిన చాచా. శాన సేపు పట్టింది."

"పట్టనీ" అన్నాడు.

సీటు వచ్చింది. ముప్పై ఏళ్ళకు పైగా నత్తితోనే పాఠాలు చెప్పాను. ప్రతి ఏడూ మొదటి రోజు పిల్లలు నవ్వారు. రెండోవారానికి ఆగడం నేర్చుకున్నారు. నా తరగతిలో చదవడం రాక నిలబడ్డ పిల్లను నేను ఏనాడూ కూర్చోబెట్టలేదు. గంట కొట్టినా సరే, ఆ వాక్యం అయ్యేదాకా అందరం కూర్చున్నాం. చాచా హెడ్ లాంప్‌మన్ కాకుండానే రిటైరయ్యాడు. ఆయన పోయి చాలా కాలమైంది. తన ఐరిష్ సరైనదో కాదో ఆయనకు చివరిదాకా ఎవరూ చెప్పలేదు, ఆయన కూడా మళ్ళీ ఎవరినీ అడగలేదు.

పోయిన నెల పెన్షన్ పని మీద బ్యాంకుకు వెళ్ళాను. కౌంటర్‌లో అమ్మాయి పేరడిగింది. మొదటి అక్షరం దగ్గర ఆగిపోయాను. నా పాస్‌బుక్ చూసి "దేవకరుణ గారా మేడమ్?" అంది, పాపం సాయం చేద్దామనే. నేను చెయ్యి అడ్డం పెట్టాను. వెనక లైన్లో ఎవరో గొణిగారు. గొణగనీ. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టి నా పేరు నేనే చెప్పాను.